పన్నెండు నుంచి రెండు దాకా కోట మూత

మా వంటగది కిటికీలోంచి చూస్తే కోట కనిపిస్తుంది. పడగ్గది కిటికీలోంచి చూసినా అదే. స్నానాలగది వెంటిలేటర్ తెరిస్తే ఒక బురుజు ముక్క కనిపిస్తుంది. నేను దాని కిందే పుట్టి, పెరిగి, పెళ్ళి చేసుకుని, పోస్టాఫీసులో ఉద్యోగం చేసి, రిటైరయ్యాను. లోపలికి మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. వెళ్ళకూడదని కాదు. ఎనిమిది వందల ఏళ్ళుగా అక్కడే ఉంది, ఎక్కడికి పోతుంది, వచ్చే ఆదివారం చూద్దాం అనుకుంటూ వచ్చాను.

మోంటిరాక్‌లో ఇదేం వింత కాదు. కోట లోపలికి వెళ్ళేది హాలండు వాళ్ళు, బెల్జియం వాళ్ళు, వాన పడితే పారిస్ వాళ్ళు. మేం దాని గురించి చెబుతాం. మా ఆవిడ ఒడీల్ కూడా చూడలేదు. కానీ వాళ్ళ చెల్లెలు మరీవోన్ కోటలో టికెట్లు అమ్ముతుంది కాబట్టి తను చూసినట్టే లెక్క అని ఆవిడ ఉద్దేశం.

నదికి అవతల గట్టున ఇంకో కోట ఉంది. దాన్ని ఎదురు కోట అంటాం. పాత యుద్ధంలో వాళ్ళు ఇంగ్లీషువాళ్ళతో చేతులు కలిపారు. ఆరువందల ఏళ్ళయిపోయింది, ఇప్పుడు మాకేం కోపం లేదు. అటువైపు రొట్టె మాత్రం కొనం.

పోయిన ఏడాది మా అమ్మాయి క్లెమాన్స్‌కి పెళ్ళి కుదిరింది. అబ్బాయి తిబో, ఇద్దరూ బోర్డోలో ఉద్యోగాలు. పెళ్ళి ఎక్కడ చేయాలో మీ నలుగురూ తేల్చుకోండి, మాకెక్కడైనా ఒకటే అన్నారు. ఇంతకంటే పెద్ద ద్రోహం పిల్లలు తల్లిదండ్రులకి చేయలేరు.

తిబో వాళ్ళది రాన్స్, షాంపేన్ పుట్టిన ఊరు. వాళ్ళ నాన్న ఎర్వే అక్కడ హైవే పక్కన ఒక హోటల్ హాలు చూసి పెట్టాడు. దాని గొప్పతనం ఏమిటని అడిగితే, రెండు వందల కార్లకి పార్కింగ్ అన్నాడు. ఒడీల్ మాత్రం పెళ్ళి మోంటిరాక్‌లో, మన కోట హాల్లో జరగాలని క్లెమాన్స్ పుట్టిన రోజునే నిర్ణయించుకుంది. పెళ్ళి రాన్స్‌లో అయితే తను రాదట. తల్లి రాకుండా పెళ్ళేమిటని అడిగితే, "అదే కదా నేనూ అడుగుతున్నది" అంది.

అప్పుడు ఫోనులో నేను నోరు జారాను.

"బావగారూ, మా కోటలో ప్రతి రాయీ నాకు తెలుసు. హాల్లో నూట ఇరవై మంది కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. ఒకసారి వచ్చి చూడండి. నేనే దగ్గరుండి చూపిస్తాను."

వాళ్ళు అదే ఏడాది మే నెలలో ఒక శుక్రవారం సాయంత్రం వచ్చారు.

ఒడీల్ ముందే హెచ్చరించింది. "ఈ రెండు రోజుల్లో వాళ్ళ చేత అవుననిపించాలి. ఆదివారం పొద్దున ఆయన రాన్స్ హాలుకి బయానా కట్టేస్తాడట, క్లెమాన్స్ చెప్పింది."

"మరి మన హాలు సంగతేంటి? మీ చెల్లెలు ఇస్తుందా?"

"ముందు వాళ్ళని ఒప్పించు. దాన్ని నేను చూసుకుంటా."

మరీవోన్‌ని చూసుకోవడం అంత తేలిక కాదు. కోట యజమాని పారిస్‌లో ఉంటాడు, కోటని నడిపేది మరీవోనే. పన్నెండు నుంచి రెండు దాకా కోట మూత, అప్పుడు మరీవోన్ భోంచేస్తుంది. చీకటి పడ్డాక హాలు గబ్బిలాలది, వాటిని కదపకూడదని చట్టం ఉంది. అంటే మనుషులు విందు చేసుకునే రెండు పూటలూ హాలు దొరకదు. అద్దెకివ్వబడును అని బోర్డు మాత్రం ఎప్పటి నుంచో ఉంది. ఇంతవరకూ అందులో ఒక్క పెళ్ళీ జరగలేదు.

ఎర్వే ఇన్సూరెన్స్ కంపెనీలో నష్టాల అంచనాలు వేసి రిటైరయ్యాడు. ఏ వస్తువైనా విరిగినప్పుడే అందంగా కనిపిస్తుంది ఆయనకి. కారు దిగి, నా చెంపకి చెంప ఆనించి పలకరించి, గుమ్మం వైపు తలెత్తాడు.

"పైన పగులుంది బావగారూ."

"మా తాతగారి కాలం నుంచీ ఉంది."

"అయితే ఇంకా ప్రమాదం."

ఆయన భార్య బ్లాందీన్ మంచి మనిషి. తన దిండు తనే తెచ్చుకుంది. వరండాలో కూర్చుని మేం చేసిన అక్రోట్ల వైను తాగాం. వాళ్ళు తెచ్చిన షాంపేను కూడా తాగాం. మాది బాగుందని వాళ్ళన్నారు, వాళ్ళది బాగుందని మేమన్నాం. ఎవరి గ్లాసు వాళ్ళే నింపుకున్నాం.

"ఎంత ప్రశాంతంగా ఉంది వదినగారూ!" అంది బ్లాందీన్. "ఇలాంటి చోట పడుకుంటే ఒళ్ళు తెలీదు."

పొద్దున ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆ నిశ్శబ్దం ఏంటండీ బాబూ, చెవులు హోరెత్తిపోయాయి! ఒక కారు లేదు, ఒక బస్సు లేదు. చివరికి ఫోనులో ట్రాఫిక్ చప్పుడు పెట్టుకున్నాను. ఛార్జింగ్ అయిపోయాక మళ్ళీ మొదలు."

ఒడీల్ నా వైపు చూసింది. మా ఊరు అమ్ముకునే సరుకు ఒక్కటే, నిశ్శబ్దం. అది కాస్తా గిట్టలేదన్నమాట. ఇక మిగిలింది కోట.

"పన్నెండున్నరకి భోజనం," అంది ఒడీల్. "బాతు మాంసం పొయ్యి మీద పెడుతున్నాను. వెల్లుల్లి బంగాళాదుంపలు కూడా. పన్నెండున్నర అంటే పన్నెండున్నరే."

నా ఫోను వంటింటి బల్ల మీద వదిలేశాను. భోజనాల బల్ల దగ్గరికి ఫోను తేకూడదని మా ఇంట్లో నియమం. పెట్టింది నేనే.

ఎర్వే మెడలో బైనాక్యులర్స్, బ్లాందీన్ చేతిలో పెద్ద సంచి. కొండెక్కి కోట గుమ్మం చేరేసరికి పదకొండు దాటింది. టికెట్ల గది కిటికీలోంచి మరీవోన్ తల బయటికి పెట్టింది.

"ఏం బావా, దారి తప్పి వచ్చావా?"

"మా వియ్యాలవారికి కోట చూపిద్దామని," అన్నాను, కనుబొమ్మలతో నోరు మూసుకోమని చెబుతూ.

"నువ్వే చూపిస్తావా!" మరీవోన్ మొహం వికసించింది. "భేష్. ఊరివాళ్ళకి ఉచితం, నీకు తెలుసుగా. అన్నట్టు నీకెలా తెలుస్తుందిలే."

"మా మరదలికి హాస్యం ఎక్కువ," అని వాళ్ళిద్దరినీ లోపలికి తోశాను.

లోపల కోట చాలా పెద్దది. బయటి నుంచి చూస్తే అంత అనిపించదు.

మొదటి గదిలో ఒక మూల రాతి గూడు, పైన ఇనప కొక్కేలు. "ఇది వంటిల్లు," అన్నాను. "ఆ కొక్కేలకి అడవిపందుల్ని వేలాడదీసేవాళ్ళు."

ఎర్వే గోడ మీద పలక చదివాడు. "చెరసాల అని రాసుంది."

"ఖైదీలకి వేరే వంటిల్లు ఉండేది," అన్నాను.

ఆయన పలక ఇంకోసారి చదివాడు. తర్వాతి గదికి నేను పేరు పెట్టలేదు. ఆయన పలక చదివాక "అదే, అదే" అన్నాను. మెట్లకి చేతికమ్మీ లేదని, కిటికీకి కటకటాలు లేవని, ఎవరైనా జారిపడితే పరిహారం ఎంతవుతుందో ఎర్వే చెబుతూ వచ్చాడు. బ్లాందీన్ ఆవలిస్తూ వచ్చింది. పెళ్ళి మెల్లగా రాన్స్ వైపు జరిగిపోతోందని నాకు అర్థమైంది.

చివరి వసారాలో పలక లేని తలుపు ఒకటి కనిపించింది, అడ్డంగా తాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. పలక లేని చోట నేను ఎవరికీ తీసిపోను.

"ఇప్పుడు చూపిస్తా రండి. ఇది టూరిస్టులకి తెలియని దారి. ఊరివాళ్ళకే తెలుసు."

"తాడు కట్టారే?" అన్నాడు ఎర్వే.

"తాడు టూరిస్టులకి, మనకి కాదు."

చుట్లు తిరిగే మెట్లెక్కి బురుజు పైకి చేరాం. అక్కడి నుంచి నది, పడవలు, అక్రోటు తోటలు, ఎదురు కోట, మా ఇల్లు, మా పెరట్లో తెల్ల గుడ్డ పరుస్తున్న ఒడీల్, అన్నీ కనిపించాయి. ఎర్వే కూడా కాసేపు ఇన్సూరెన్స్ మరిచిపోయాడు. అంతలో కింద ఎక్కడో చేతిగంట మోగింది.

"మూసేస్తున్నారేమో?" అంది బ్లాందీన్.

"మా మరదలేనండీ. మనల్ని వదిలేసి ఎలా పోతుంది? తాపీగా చూడండి."

తాపీగా చూశాం. దిగి వచ్చేసరికి కింద తలుపు బయటి నుంచి తాళం వేసి ఉంది.

నేను తట్టాను. తర్వాత బాదాను. తర్వాత మరదలి పేరు పెట్టి అరిచాను. తలుపు కూడా ఎనిమిది వందల ఏళ్ళ నాటిదే, చలించలేదు.

ఇందులో మరీవోన్ తప్పు లేదు. మామూలుగా గంట కొట్టాక ప్రతి మూలా వెతికిగానీ మూయదు. హాలండు వాళ్ళని నమ్మడానికి వీల్లేదు, భోజనం వేళయినా తెలియకుండా తిరుగుతుంటారు. కానీ ఆ పూట లోపలున్నది బావ. పన్నెండయ్యాక మోంటిరాక్ మనిషి తన బల్ల దగ్గర కాక ఇంకెక్కడ ఉంటాడు? అందుకని వెతకలేదు. ఆవిడ స్థానంలో నేనున్నా వెతికేవాణ్ణి కాదు. పోస్టాఫీసు కిటికీని ఏనాడూ పన్నెండు దాటనివ్వలేదు నేను.

మళ్ళీ పైకి ఎక్కాం. పనిచేసే ఫోను ఎర్వే దగ్గరే ఉంది. మరీవోన్ నంబరు చెప్పాను. ఆయన నొక్కగానే కింద టికెట్ల గదిలో మోగడం మొదలైంది. మేం ముగ్గురం పిట్టగోడ మీంచి వంగి శ్రద్ధగా విన్నాం.

"ఇంటికి చేయండి," అన్నాను.

పెరట్లో ఒడీల్ తలెత్తి, చెయ్యి తుడుచుకుని, ఇంట్లోకి వెళ్ళడం బైనాక్యులర్స్ లేకుండానే కనిపించింది. ఎర్వే మొహం వెలిగింది. "ఆ, వదినగారూ, నేను..." అని ఆగిపోయాడు.

"ఏమంది?"

"మాకు కిటికీలు అక్కర్లేదండీ అని పెట్టేసింది."

మా దగ్గర భోజనాల వేళ ఫోను చేసేది కిటికీ అద్దాలు అమ్మే కంపెనీలవాళ్ళే. ఎర్వే మళ్ళీ చేశాడు. ఈసారి ఎంగేజ్ వచ్చింది. ఒడీల్ రిసీవర్ తీసి పక్కన పెట్టేసిందన్నమాట. నేను చొక్కా విప్పి ఊపాను. ఒడీల్ చూసింది. సంతోషంగా నాప్కిన్ ఊపింది.

"ఫైరింజన్‌ని పిలుద్దాం," అన్నాడు ఎర్వే.

"బాబ్బాబు, వద్దు బావగారూ! ఇక్కడ ఫైరువాళ్ళంటే ఊళ్ళో వాళ్ళే. సైరన్ కొట్టి పిలుస్తారు. అంటే ఊరంతా ఫోర్కులు దించి లేవాలి. భోజనం మధ్యలో ఊరిని లేపినవాడి కూతురి పెళ్ళికి ఎవరొస్తారు?"

"పెళ్ళి ఇక్కడని ఎవరన్నారు?" అన్నాడు ఎర్వే.

అదే మొదటిసారి ఆ మాట పైకి రావడం. నేను చొక్కా తొడుక్కున్నాను.

"బావగారూ, ఏమీ అనుకోకండి," అన్నాడు. "మీరు ఈ కోటలోకి ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు. నాకు చెరసాల దగ్గరే తెలిసింది. ప్రతి రాయీ తెలుసన్నారు. మరి ఆ హాలు చూశారా? నూట ఇరవై మంది పడతారన్నారే, ఎవరు లెక్కపెట్టారు? అలాంటప్పుడు మీ మాట నమ్మి పెళ్ళి ఎలా పెట్టుకోను?"

నేను నదిని చూస్తూ నిలబడ్డాను. ఒడీల్‌కి ఏం చెప్పాలా అని ఆలోచించాను. తట్టలేదు.

"ఎర్వే," అంది బ్లాందీన్. అప్పటిదాకా రాయి మీద కూర్చుని చెప్పులు విప్పి కాళ్ళు నొక్కుకుంటోంది. "మనూళ్ళో కాథెడ్రల్ లోపల ఎలా ఉంటుంది?"

"ఇప్పుడు అదెందుకు?"

"చెప్పవోయ్. ఇంటికొచ్చిన ప్రతివాడికీ గంటసేపు చెబుతావుగా, రాజులకి ఎక్కడ కిరీటం పెట్టారో, ఏ అద్దంలోంచి ఎండ ఎలా పడుతుందో. లోపలికి ఎప్పుడెళ్ళావు?"

ఎర్వే బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకున్నాడు.

"ఎప్పుడెళ్ళావు?"

"పార్కింగ్ దొరకలేదు."

"మన ఇంటి నుంచి నడిచి వెళ్ళొచ్చు."

అందరికీ ఆకలి మొదలైంది. కాసేపటికి బ్లాందీన్ సంచిలోంచి ఒక రేకు డబ్బా తీసింది. మాకివ్వాలని తెచ్చి మరిచిపోయిందట. రాన్స్ గులాబీరంగు బిస్కట్లు. షాంపేనులో ముంచి తినాలి, ముంచకపోతే ఇటుకలు. నా జేబులో ఎప్పుడూ ఉండే చాకు, గుప్పెడు అక్రోట్లు బయటికి తీశాను. నేను పగలగొట్టి ఇచ్చాను, ఆవిడ బిస్కట్లు పంచింది. ఎర్వే ముందు అలిగి, తర్వాత అందరికంటే ఎక్కువ తిన్నాడు.

"మీ అక్రోట్లు బావున్నాయి," అన్నాడు.

"మీ బిస్కట్లు కూడా," అన్నాను. ఈసారి ఇద్దరం అబద్ధం చెప్పలేదు. ఆకలి అలాంటిది.

అప్పుడే కింద ఊరు మొదలైంది. మోంటిరాక్ రోజంతా నోరు మూసుకుని ఉంటుంది. పన్నెండున్నర నుంచి రెండు దాకా మాత్రం ప్రతి పెరట్లోంచీ పళ్ళేల చప్పుడు, సీసా బిరడా లాగిన చప్పుడు, ఉప్పందుకోమని అరుపు, ఎవరో ఒకరు మేయర్ని తిట్టడం. మేం ఎప్పుడూ దాని మధ్యలోనే కూర్చుంటాం కాబట్టి మాకు వినపడదు. పైకి అదంతా కలిసిపోయి ఒకే హోరులా వస్తోంది, దూరంగా పెద్ద రోడ్డు ఉన్నట్టు.

"అబ్బ," అంది బ్లాందీన్. సంచి తలకింద పెట్టుకుని, పిట్టగోడ నీడలో ఒరిగింది. మరుక్షణం గురక.

ఎర్వే గొంతు తగ్గించాడు. "రాత్రంతా నిద్రలేదు పాపం." తర్వాత బైనాక్యులర్స్ మా ఇంటి వైపు తిప్పాడు. "బావగారూ, వదినగారు బాతు గిన్నె ఎత్తుకుని బయటికొస్తోంది."

"మనకోసమేమో?"

"కొండ వైపు రావట్లేదు. సందులోకి తిరిగింది. నీలం తలుపు ఇల్లు."

"మరీవోన్ ఇల్లు."

"మీ మరదలు పళ్ళెం తెచ్చింది. ఇద్దరూ కూర్చున్నారు." ఆయన చాలాసేపు చూశాడు. "తొడ ముక్క మీ మరదలికి."

"బంగాళాదుంపలు?"

"పెద్ద గరిటెతో." అద్దాలు సరిచేసుకుని, "మీ మరదలు చేత్తో కోట వైపు చూపిస్తోంది. వదినగారు నవ్వుతోంది. రెండో ముక్క వేసుకుంటోంది," అన్నాడు. నష్టాల అంచనాలో ఆయన నిజంగా దిట్ట.

బైనాక్యులర్స్ నాకిచ్చాడు. నేను చూడలేక తిరిగిచ్చేశాను.

చర్చిలో రెండు కొట్టింది. తాళం తిరిగింది. అంతకు ముందూ కాదు, తర్వాతా కాదు. మరీవోన్ మెట్లెక్కి వచ్చింది, వెనకాలే ఒడీల్.

"ఇక్కడే ఉన్నారా! అక్క ఒంటిగంటకే వచ్చి చెప్పింది, ఇంకా రాలేదని. అయితే లోపలే ఉండి ఉంటారు, రెండింటికి తీస్తాలే అన్నాను."

"ఒంటిగంటకే తెలుసా?" నా గొంతు కీచుగా వచ్చింది.

"భోజనం మధ్యలో ఎలా వస్తాను బావా?" మరీవోన్ నిజంగానే నొచ్చుకుంది.

నేను ఒడీల్ వైపు తిరిగాను. ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది: "చల్లారిపోతోంది మరి."

చప్పుళ్ళకి బ్లాందీన్ లేచింది. కళ్ళు తేటగా ఉన్నాయి, చెంప మీద సంచి గుర్తు పడింది. "ఎంత హాయిగా నిద్రపట్టింది వదినగారూ! ఆ హాలేదో చూపించండి."

హాలు కిందనే ఉంది. నేను కూడా వాళ్ళతో పాటే మొదటిసారి చూశాను. పొడవాటి గది, రెండు వైపులా కిటికీలు, ఒక కిటికీ నిండా నది. కప్పు దూలాల మీద గబ్బిలాలు నల్లటి సాక్సుల్లా వేలాడుతున్నాయి. ఎర్వే ఒక చివరి నుంచి ఇంకో చివరికి అడుగులేసి కొలిచాడు.

"ఎనభై మంది. ఇరుక్కుంటే తొంభై."

"మంచిదే," అంది బ్లాందీన్. "మీ ఆఫీసువాళ్ళని పిలవక్కర్లేదు. పెళ్ళి ఇక్కడే."

"పార్కింగ్..." అన్నాడు ఎర్వే.

"కాథెడ్రల్," అంది బ్లాందీన్.

ఎర్వే తల ఊపాడు. ఒడీల్ గోడ పట్టుకుంది. నిలబడడానికో, ఏడవడానికో నాకు తెలియలేదు. అప్పుడు మరీవోన్ అడిగింది, "విందు ఎన్నింటికి?"

"మేయరు ముందు పెళ్ళి సంతకాలు పదకొండుకి అయిపోతాయి. పన్నెండుకి కూర్చుంటాం," అంది ఒడీల్.

"పన్నెండుకి మూత అక్కా."

"మీ అక్క కూతురి పెళ్ళే!"

"ఎవరి పెళ్ళయినా సరే. నా బల్ల మీద నేను తినాలి. సాయంత్రమంటే గబ్బిలాలు. మూడింటికి పెట్టుకోండి."

మూడింటికి భోజనం ఎవరు చేస్తారు? పొద్దుటి నుంచి పడిన పాట్లన్నీ ఈ ఒక్క గడియ దగ్గరికొచ్చి ఆగిపోయాయి.

నా నోట్లోంచి మాట ఎలా వచ్చిందో తెలియదు. "మరీవోన్, ఇవాళ నువ్వు భోంచేసినంతసేపూ మేం లోపలే ఉన్నాం కదా. నీకేమైనా ఇబ్బంది కలిగిందా?"

మరీవోన్ ఆలోచించింది. "లేదు."

"అలాగే చెయ్యి. పన్నెండుకి అందరినీ లోపల కూర్చోబెట్టి తాళం వేసుకుని ఇంటికిపో. రెండింటికొచ్చి తియ్యి. కోట మూసే ఉంటుంది, నీ భోజనం నీకుంటుంది."

అందరం ఎర్వే వైపు చూశాం. తొంభై మంది, ఒకే తలుపు, బయటి నుంచి తాళం. జీవితమంతా అలాంటివి జరగకుండా చూడడమే ఆయన ఉద్యోగం. ఆయన తలుపు చూశాడు, తాళం చూశాడు, కిటికీలో నదిని చూశాడు, చివరికి భార్యని చూశాడు.

"నేను రిటైరయ్యాను," అన్నాడు. "కానీ ఒక షరతు. రెండో తాళంచెవి నా జేబులో ఉంటుంది."

"అంటే మధ్యలో తీస్తారా?" మరీవోన్ అనుమానంగా అడిగింది.

"భోజనం మధ్యలోనా?" ఎర్వే నొచ్చుకున్నాడు. "ఎలా తీస్తానండీ?"

మరీవోన్ నా చెవి దగ్గరికొచ్చి, "మంచి సంబంధం బావా," అంది.

పెళ్ళి ఈ జూన్‌లో. పిలుపు కార్డులన్నీ వెళ్ళిపోయాయి. అడుగున చిన్న అక్షరాలతో ఒక వాక్యం వేయించాం: పన్నెండు లోపు రాలేని బంధుమిత్రులు రెండు గంటలకు రాగలరు, వారికి కేకు ఉంచబడును. హాలండు నుంచి తిబో స్నేహితులు కొందరు వస్తున్నారట. వాళ్ళని వెతికి లోపల కూర్చోబెట్టే పని నాకు అప్పగించారు, ఎందుకంటే కోటలో ప్రతి రాయీ నాకు తెలుసు.